గౌను అంచు మీద చుక్క

మరక ఆవగింజకన్నా కాస్త పెద్దది, అంతే. కానీ అది పడింది క్రీం రంగు పట్టు గౌను అంచు మీద, అదీ ముందువైపు, నడిచేటప్పుడు సరిగ్గా ఎదుటివాళ్ళ చూపు వాలే చోట. ఆ గౌను తొడుక్కోబోయే సంగీతం టీచరు పదకొండింటికి వస్తానంది, సాయంత్రం ఆవిడ పాట వినడానికి ఆరువందల మంది వస్తారట, గోడ గడియారం పది దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. ఆఖరి ఇస్త్రీ చేసేద్దామని లోపలి గదిలో బల్ల మీద పరిచిన మిషనమ్మ, కిటికీ వెలుగులో ఆ చుక్కను చూసి ముందు దారం ముక్క అనుకుని గోటితో తియ్యబోయింది, రాలేదు, కళ్ళజోడు తీసి కొంగుకు తుడిచి మళ్ళీ పెట్టుకుంది. గోధుమ రంగు, నడుమ ముదురు, చుట్టూ లేత. నలభై ఏళ్ళుగా బట్టతో కాపురం చేస్తున్న మనిషికి రక్తం మరకను ఒకరు పరిచయం చెయ్యక్కర్లేదు. వీధి మొత్తానికి ఆమె మిషనమ్మ, తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి చివరికి కరెంటు బిల్లు ఒక్కటే మిగిలింది, అందుకామెకు బాధేమీ లేదు. చేతిపనిని బట్టి వచ్చిన పేరు, ఒకరు దయతలిచి ఇచ్చింది కాదు. మిషనమ్మ చేతినుంచి వెళ్ళిన బట్టకు వంక పెట్టినవాళ్ళు లేరని ఆమె నోటితో ఆమే చెప్పుకుంటుంది, అదొక్కటే ఆమెకున్న గొప్ప, ఇప్పుడు ఆ గొప్ప మీద ఆవగింజంత వంక వచ్చి కూర్చుంది.

ముందు ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసింది. వేడి తగిలిందా, ఇక ఆ మరక గౌనుతోపాటే ముసలిదవుతుంది. వీధిలో ఎవరి బట్ట మీద ఏది ఒలికినా ఈ గుమ్మం ఎక్కడం అలవాటే, కుట్టుపనికి రానివాళ్ళు కూడా మరకపనికి వస్తారు, వచ్చేలోపు చెయ్యాల్సిన పాడంతా చేసుకునే వస్తారు. మరక పడగానే మనిషి చెయ్యి ఊరుకోదు కదా, రుద్దుతుంది, రుద్దితే పైనున్నది లోపలికి దిగుతుంది, పక్కలకు పాకుతుంది. టీ ఒలికితే గుడ్డను గిన్నె మూతికి బిగించి కట్టి మరిగే నీళ్ళు మూరెడు ఎత్తునుంచి పొయ్యమని చెబుతుంది, పోస్తే పోతుంది, కానీ ఎదురింటి పోస్ట్‌మాన్ అదే వైద్యం గడ్డం గీసుకున్నప్పుడు అంటిన రక్తానికి చేసి, టీకి పోయింది కదమ్మా మరి దీనికేం రోగం అని తువ్వాలు పట్టుకొచ్చాడు. సిరా అయితే కింద పాతగుడ్డ పెట్టి పైనుంచి స్పిరిట్ ముంచిన దూదితో అద్దాలి, తుడవకూడదు, అద్దాలి. తుప్పుకు నిమ్మరసం, ఉప్పు, ఎండ. చంకల్లో చెమట పచ్చదనానికి బ్లీచింగ్ వద్దు మహాప్రభో అని ఎన్నిసార్లు మొత్తుకున్నా పోస్తారు, పోసి ఇంకా పచ్చగా చేసుకుని తెస్తారు. కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు, వాడి చొక్కాల గ్రీజుకు సుద్దపొడి చల్లి ఓ గంట వదిలేసి దులిపి, ఆపైన గిన్నెలు తోమే సబ్బు. కోడలు కాపురానికి వచ్చిన వారంలో ఆమెకు నేర్పిన మొదటి పని అదే, ఒకసారి చెబితే ఆ పిల్ల రెండోసారి అడగలేదు. అన్నీ తెలుసు, తెలిసినవేవీ ఇప్పుడు పనికి రావు, అదీ సంగతి. ఇది పట్టు, నీళ్ళు తగిలినంత మేరా మచ్చ కడుతుంది, ఆవగింజ పోయి అరచెయ్యంత వస్తుంది. నానబెట్టే వీల్లేదు, సబ్బు పెట్టే వీల్లేదు, మందుల షాపులో పెరాక్సైడ్ సీసా తెచ్చి పోస్తే రంగే ఎగిరిపోవచ్చు. మిగిలింది ఒకటే, కుట్టుపనివాళ్ళు ఎవరికీ పెద్దగా చెప్పుకోనిది, ఉమ్ము.

అది నేర్పింది టైలరు మాస్టారు. ఆయన దగ్గర పనికి చేరిన మూడో నెలలో ఒక లాయరుగారి తెల్లచొక్కాకు కాజాలు కుడుతూ వేలు పొడుచుకుని, ఎవరూ చూడకముందే కడిగేద్దామని టీ కోసం కాగుతున్న నీళ్ళలో ఆ చొక్కా చెయ్యిని ముంచింది, ఎర్రచుక్క ఆమె కళ్ళముందే ఉడికి గోధుమరంగు తిరిగి అక్కడే ఉండిపోయింది. మాస్టారు తిట్టలేదు, తిట్టడం ఆయనకు చేతకాదు. "ఉడకబెట్టావు కదే పిల్లా. గుడ్డు ఒకసారి ఉడికాక మళ్ళీ పచ్చిదవుతుందా?" అన్నారు, చొక్కా చెయ్యి మొత్తం మార్చి కుట్టారు, తరవాత ఒక తెల్లదారం మూరెడు తెంపి ఇచ్చి నోట్లో వేసుకుని నమలమన్నారు. నమిలి, తడి ఉండను, పొడుచుకున్న వేలినుంచి గుడ్డ మీద పడ్డ కొత్తచుక్క మీద అద్దితే చుక్క దారంలోకి వచ్చేసింది. ఎవరి రక్తానికి వాళ్ళ ఉమ్మే మందు, పక్కవాళ్ళది పనిచెయ్యదు అనేవారు మాస్టారు. నిజమో అబద్ధమో చదువుకున్నవాళ్ళు తేల్చాలి, మిషనమ్మకు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. పక్కమిషను మీద కూర్చునే పొడుగుపిల్ల ఒకసారి తన మరకకు ఈమె చేత దారం నమిలించి అద్దించింది, ఎంత అద్దినా కదల్లేదు, ఆ పిల్లే నమిలి అద్దితే పోయింది, ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మాస్టారు కళ్ళజోడు మీదినుంచి చూసి నవ్వింది చాలు, కాజాలు కానివ్వండి అన్నారు. అప్పటికి ఆయనకు కళ్ళజోడు అలంకారమే.

తెల్లదారం తెంపి నోట్లో వేసుకుంది. నాలుగు నమలగానే నోరు తడారింది, బీపీ బిళ్ళ వేసుకున్నప్పటినుంచీ ఇదో గొడవ, పొద్దున్నే నోరు ఎండు. ఓ గుక్క నీళ్ళు తాగి మళ్ళీ నమిలి, అంచు కింద తెల్లగుడ్డ పెట్టి, దారం ఉండతో మెత్తగా అద్దింది. ఒకటి, రెండు, మూడు. దారం తెల్లగానే ఉంది. పాతదై ఆరిపోయింది కాబోలు, కాస్త నాననివ్వాలి అనుకుని తడిపి వదిలేసి కూర్చుంది. కూర్చుని తన వేళ్ళు చూసుకుంది. ఎడమచేతి చూపుడువేలు చివర చర్మం గట్టిపడి పొడిచినా తెలియదు, పొడుచుకున్నా గుర్తుండదు, అదేమీ వింత కాదు. ఈ అంచు ఎప్పుడు కుట్టింది, మొన్న సాయంత్రం సగం, నిన్న పొద్దున సగం, మూడున్నర మీటర్ల చుట్టు, ఒక్క పోగు పైకి కనపడకుండా. సూదులన్నీ దారాలు ఎక్కించి సిద్ధంగానే ఉన్నాయి, కోడలు రోజూ పొద్దున్నే ఇరవై సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెడుతోంది, నేను ఖాళీగానే ఉన్నా కదత్తయ్యా అంటూ. నలుగురి వంటా, ఆరేళ్ళ పిల్ల బడీ, గ్రీజు చొక్కాలూ పెట్టుకుని ఖాళీ ఏమిటో. మంచిపిల్లే, కాదనడానికి లేదు, కుట్టు ఒక్కటే అబ్బలేదు. ఎడమచేతి వాటం, సూది అటునుంచి ఇటు తోస్తుంది, అద్దంలో చూసి కుట్టినట్టు ఉంటుంది. ఒకసారి బట్టలివ్వడానికి వచ్చిన బ్యాంకు ఆవిడ ఎదుటే అనేసింది, మా కోడలి హెమ్మింగ్ చూశారా, చీమలు దారి తప్పినట్టుంది అని. బ్యాంకు ఆవిడ నవ్వింది, కోడలూ నవ్వింది. ఆ తరవాత ఆ పిల్ల అత్తగారి ఎదుట సూది పట్టలేదు. పోనీలే, అందరికీ అన్నీ రావాలని ఏముంది. ఈ మధ్య తన చెయ్యి మాత్రం మళ్ళీ కుదిరింది, అంతకుముందు ఏడాది ఎందుకో కాస్త తడబడింది గానీ. మీ చెయ్యి ఇంకా తిరిగింది మిషనమ్మా అన్నారు మొన్న ఇద్దరు, అంచు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది అన్నారు. ఆ మాట భోజనాల దగ్గర కొడుక్కి చెప్పింది, కోడలు వడ్డిస్తూ అవునత్తయ్యా అంది.

పదీ ఇరవై. రెండోసారి నమిలి అద్దింది, కాసేపాగి మూడోసారి. దారం తెల్లగానే వచ్చింది, నోట్లోంచి తీసినంత తెల్లగా. గౌను సంగతి తలుచుకుంది మొదట, పదకొండింటికి ఏ ముఖం పెట్టుకుని ఆవిడ చేతిలో పెట్టాలి, అంచు పైకి మడిచి కుడదామంటే ఆవిడ మడమల ఎత్తుకు కొలిచిన పొడవు, అంగుళం తగ్గినా తెలిసిపోతుంది. తరవాత ఇంకోటి తట్టింది. అద్దినా రాలేదంటే రక్తం తనది కాదు. కాకపోతే ఎవరిది. కొడుకు ఈ గదిలోకే రాడు, గ్రీజు చేతులతో వస్తే చీపురు తిరగేస్తుందని తెలుసు. మనవరాలికి పట్టు ముట్టుకోవద్దని చెప్పి ఉంచింది, అది చెప్పినమాట వినే రకం. కోడలు. మడత పెడుతుంటే గుండుసూది గుచ్చుకుని ఉంటుంది, అంతే అయ్యుంటుంది, అంతేగా అవ్వాలి. కానీ ఈ గౌనుకు గుండుసూదులు పెట్టలేదు, పట్టుకు చిల్లులు పడతాయని తరవాత విప్పేసే వదులు కచ్చాకుట్టు వేసింది, ఆ కచ్చాకుట్టు తానే విప్పింది. నిన్న మధ్యాహ్నం రోజూ తీసే కునుకు సరిగా పట్టక ముందే లేచి వస్తే కోడలు ఈ గదిలోంచి వంటింట్లోకి గబగబా వెళుతూ కనిపించింది, వేలు నోట్లో పెట్టుకుని. ఏమయిందమ్మాయ్ అంటే ఏం లేదత్తయ్యా అంది. కత్తిపీట అనుకుంది తను, ఆ సమయంలో కత్తిపీటతో పనేమిటని అనుకోలేదు.

గౌను అంచు తిరగేసింది. కుట్లు చూద్దామంటే పాలమీగడ మీద పాలచుక్కలు వెతికినట్టుంది, మరక కనిపించింది గానీ కుట్టు కనిపించడం లేదు, ఎన్నాళ్ళనుంచి కనిపించడం లేదో ఇప్పుడు ఆలోచించే ధైర్యం లేక కళ్ళు మూసుకుంది. మూసుకుని బొటనవేలి గోరు అంచు వెంబడి నడిపించింది. తన కుట్టు ఆమెకు వేలికి తెలుసు, కుడికి వాలుతుంది, గోరు ఎడమనుంచి పోతే జారుతుంది, వెనక్కి వస్తే తగులుతుంది. ఇది తిరగబడి ఉంది, పోయేటప్పుడు తగిలింది, వచ్చేటప్పుడు జారింది. మళ్ళీ నడిపింది. చుట్టూ నడిపింది, మూడున్నర మీటర్లూ. బీపీ బిళ్ళల పేర్లు చదవడానికి కొన్న లెన్సు సొరుగులోంచి తీసి, గౌనును కిటికీ చువ్వల దాకా లాగి, ఒక్కొక్క కుట్టే చూసింది. ఒక్కటి కూడా కుడికి లేదు. అన్నీ ఎడమకు, వరసగా, ఒక్క దూరంలో, ఒక్క బిగువుతో, ఎక్కడా చీమ దారి తప్పలేదు. కుట్టు మధ్యలో అక్కడక్కడా సూది దిగి మళ్ళీ తీసేసిన చిన్నచిన్న గుర్తులు, ఒకటి కుట్టు వరసకు చాలా పైన, ఒకటి వరస దాటి కింద. అవి తనవి. తను కుట్టినవి ఎక్కడెక్కడ పడ్డాయో ఆ గుర్తులు చెబుతున్నాయి. లేచి హ్యాంగర్లకు ఉన్నవి లాగి చూసింది, బడిపిల్ల గౌను, నల్లకోటు, ఎవరిదో లంగా, మూడూ ఎడమకే. ఇన్నాళ్ళూ మెచ్చుకోళ్ళు తను తీసుకుంటుంటే పక్కన నిలబడి అవునత్తయ్యా అన్న మనిషి కుట్లవి.

ముందు ఒళ్ళు మండింది. చెప్పొచ్చుగా, నోరు లేదా. మధ్యాహ్నమూ రాత్రీ నేను పడుకున్నాక దొంగతనంగా విప్పి కుట్టడమేమిటి, చిన్నపిల్ల తప్పులెక్కలు దిద్దినట్టు. తరవాత సిగ్గేసింది, ఎంతగా అంటే ఎవరూ లేని గదిలో కొంగు సవరించుకుంది. ఎప్పటినుంచి. నాలుగు నెలల కిందట బ్యాంకు ఆవిడ బూడిదరంగు కోటు తిరిగి తెచ్చిన రోజు గుర్తుకొచ్చింది, తను స్నానంలో ఉంది, గుమ్మంలో ఆవిడ గొంతు, కోడలి గొంతు, బయటికి వచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయింది, కోడలి చేతిలో సంచి, అందులోంచి కోటు చెయ్యి కనిపిస్తోంది, ఏంటమ్మాయ్ అంటే ఊరికే వచ్చారత్తయ్యా అంది. ఊరికే ఎవరు వస్తారు కోటు సంచిలో పెట్టుకుని. ఆ గుమ్మంలో కోడలు ఏం చెప్పి ఉంటుంది, ఏమైనా చెప్పి ఉండవచ్చు, ఆవిడకు వయసు మీద పడిందండీ, ఈసారినుంచి నా చేతికి ఇవ్వండి అని కూడా చెప్పి ఉండవచ్చు, అలా చెప్పడం ఎంత సులువో మిషనమ్మకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మాస్టారి కళ్ళకు పొర కమ్మిన ఏడాది, లాయరుగారు కోటు భుజం పీకుతోందని వస్తే, మాస్టారు లోపల గుడ్డ కత్తిరిస్తున్నారు, తను గొంతు తగ్గించి అంది, ఆయనకు ఆనడం లేదండీ, ఈసారి నాకివ్వండి. ఒక్క మాట. అబద్ధం కూడా కాదు. లాయరుగారి వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు, ఏడాది తిరిగేసరికి తన ఇంటి ముందుగదిలో తన మిషను, మాస్టారి దుకాణానికి తాళం. చేతిలో పనితనం ఉంది కాబట్టి వచ్చారనుకుంది, అలాగే చెప్పుకుంది, కట్టుకున్నవాడికి కూడా. ఒక మధ్యాహ్నం మాస్టారు వచ్చారు, చేతిలో చొక్కా, ఊడిన రెండు గుండీలు, అంతకుముందు వచ్చిన ముగ్గురి పని అయ్యేదాకా బల్ల మీద ఒదిగి కూర్చున్నారు అందరిలాగే. కుట్టి ఇచ్చింది. ఆయన గుండీ మీద వేలు రాసి చూసి బాగుందమ్మా అన్నారు. పిల్లా అనలేదు. ఆ తరవాత ఆయన గుండీలు ఎవరు కుట్టారో ఆమె అడగలేదు.

వీధి తలుపు చప్పుడైంది. మనవరాలు మరిచిపోయిన నీళ్ళసీసా బడిలో ఇచ్చి, దారిలో హుక్కుల పొట్లం కొనుక్కుని కోడలు వచ్చింది, వస్తూనే గడియారం చూసి, "పదీ నలభై అయిందత్తయ్యా, ఇస్త్రీ నేను చేసేయనా?" అంటూ లోపలి గదిలోకి వచ్చి ఆగిపోయింది. బల్ల మీద గౌను అంచు తిరగేసి ఉంది, పక్కన లెన్సు, నమిలి పారేసిన దారం ఉండలు మూడు. కోడలు చుక్కను చూసింది, అత్తగారి ముఖం చూడలేదు. కుడిచేతి చూపుడువేలును తెలియకుండానే గుప్పిట్లో దాచుకుంది. మిషనమ్మ రీలులోంచి మూరెడు తెల్లదారం తెంపి చాపింది.

"నోట్లో వేసుకో. బాగా నములు."

"అత్తయ్యా, అదీ..."

"ముందు నములు. మాటలకు టైము లేదు."

కోడలు దారం నోట్లో వేసుకుంది. నములుతూ నిలబడింది, బుగ్గ ఒకవైపు ఉబ్బింది. మిషనమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. నోట్లో దారం ఉన్న మనిషి సర్దిచెప్పలేదు, తీపిమాట కలపలేదు, ఇంతకన్నా మంచి సమయం దొరకదని అప్పుడే తట్టింది.

"తల ఊపితే చాలు. ఇదొక్కటేనా?"

కోడలు అడ్డంగా ఊపింది.

"బ్యాంకావిడ కోటు దగ్గర్నించా?"

అవునని ఊపింది, చూపు నేల మీదే.

"నాకు ఆనడం లేదని ఆవిడకు చెప్పావా?"

కాదన్నట్టు తల గట్టిగా తిప్పింది, జడ భుజం మీదినుంచి ఇటు పడేంత గట్టిగా. ఏదో చెప్పబోయి దారం అడ్డమొచ్చి, ఎడమచేత్తో తన గుండె మీద రెండుసార్లు తట్టుకుంది. ఆ కోటు నేనే కుట్టానని చెప్పాను, తప్పు నాదేనన్నాను అని. మిషనమ్మకు అర్థమైంది.

"అబ్బాయికి తెలుసా?"

అడ్డంగా ఊపింది.

కొడుక్కి కూడా చెప్పలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, నాలుగు నెలలు, తాను మెచ్చుకోళ్ళు వడ్డించుకుంటుంటే వింటూ. మిషనమ్మకు వచ్చింది దుఃఖమే, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. లేచి చెయ్యి చాపింది, కోడలు నోట్లోంచి దారం తీసి ఇవ్వబోయింది. "నువ్వే అద్దు," అంది మిషనమ్మ, "నాకు కుట్టు కనపడటం లేదు." ఆ మాట పైకి అనడం అదే మొదలు, అనేశాక గది ఎప్పటిలాగే ఉంది. కోడలు వంగి ఎడమచేత్తో అద్దింది. మొదటిసారికే దారం మీద గోధుమరంగు వచ్చింది. దారం తిప్పి శుభ్రమైన వైపుతో మళ్ళీ అద్దింది, కింద గుడ్డ జరిపి మళ్ళీ. నాలుగోసారికి పట్టు మీద తడి తప్ప ఏమీ లేదు. మిషనమ్మ లెన్సు కోడలికి ఇచ్చింది, పోయిందో లేదో నువ్వే చూసి చెప్పు, పూర్తిగా పోకుండా వేడి పెట్టకూడదు. పోయిందత్తయ్యా అంది కోడలు, ముక్కు ఎగబీల్చుతూ. ఏడిస్తే అటు తిరిగి ఏడువు, పట్టు మీద పడితే ఉప్పునీళ్ళ మచ్చ అంది మిషనమ్మ. కోడలు నిజంగానే అటు తిరిగి ముఖం తుడుచుకుంది, ప్లగ్గు పెట్టింది.

సంగీతం టీచరు పదకొండుకు రెండు నిమిషాల ముందే వచ్చింది. మిషనమ్మ ముందుగదిలోకి వెళ్ళి కుర్చీ చూపించింది. లోపల కోడలు ఇస్త్రీ చేస్తోంది, బల్ల కాలు ఒకటి పొట్టిది, పెట్టె అటూ ఇటూ నడిచినప్పుడల్లా కిర్రుమంటోంది.

"అయిపోయిందా మిషనమ్మగారూ? అంచు చేత్తోనే వేశారు కదా? మిషను కుట్టయితే లైట్లకింద గీతలా కనిపిస్తుందట."

"చేత్తోనేనండీ."

"మీ చెయ్యి పడితే ఇక బెంగలేదు."

"నా చెయ్యి కాదు," అంది మిషనమ్మ. "మా కోడలు కుట్టింది. నాలుగు నెలలనుంచీ ఇక్కడినుంచి వెళ్ళిన అంచులన్నీ తనవే. నాకు కళ్ళు ఆనడం లేదు."

టీచరు లోపలి గుమ్మం వైపు చూసింది. లోపల కిర్రు చప్పుడు ఆగిపోయింది. పట్టు మీద పెట్టె ఆగితే ఎన్ని క్షణాల్లో మాడుతుందో మిషనమ్మకు తెలుసు.

"ఆపకమ్మాయ్," అంది, తల తిప్పకుండానే. "చెయ్యి ఆడించు."

బల్ల మళ్ళీ కిర్రుమంది.